ఎవరూ మేయని గడ్డి

మా ఊళ్ళో (తెనాలి దగ్గర పల్లెటూరు లెండి) ఇంటి ముందు గడ్డి మొలిచిందంటే ఆ ఇంట్లో మనుషుల్లేరని అర్థం. ఉన్నా చీపురు పట్టే ఓపిక లేనివాళ్ళని అర్థం. వాకిలంటే ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టాల్సిన మట్టినేల. అందులో గరికపోచ తలెత్తితే అమ్మ వేళ్ళతో సహా పీకి అవతల పారేసేది, పురుగూపుట్రా చేరతాయని. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు పోయినేడాది మే నెలలో, మిన్నెసోటాలో, గడ్డి గురించి నోటీసు వచ్చింది. సిటీ ఆఫీసు వాళ్ళు తలుపుకి ఒక రంగు కాగితం అంటించి వెళ్ళారు. మీ ఇంటి ముందు గడ్డి ఎనిమిది అంగుళాలు దాటింది, గడువులోపు కొయ్యకపోతే మేమే కోయించి బిల్లు పంపిస్తాం అని దాని సారాంశం.

అప్పుడు నాన్న ఇక్కడే ఉన్నారు. కాగితం తిప్పి తిప్పి చూసి "గడ్డి పెరిగితే నోటీసా? ఇంతకీ దీన్ని ఏం మేస్తుందిరా?" అన్నారు. ఏదీ మెయ్యదు నాన్నా అన్నాను. "మరెందుకు పెంచటం?" దానికి నా దగ్గర సమాధానం లేదు. నాలుగేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను, అద్దె ఒప్పందంలో "గడ్డి బాధ్యత అద్దెకుండేవారిదే" అన్న వాక్యం కింద సంతకం కూడా పెట్టాను. ఎందుకు అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ప్రొడక్షన్‌లో నడుస్తున్న పాత కోడ్‌ని ఎవరూ ఎందుకని అడగరు కదా, అలాగన్న మాట :-) ఆ రాత్రి మొదలుపెట్టి చాలా వారాంతాలు దీని చరిత్ర చదువుతూ గడిపాను. నాన్నకి చెప్పాల్సిన సమాధానం ఇదీ.

లాన్ మొదట్లో కొయ్యడానికి మనుషులున్నవాళ్ళ వ్యవహారం. ఫ్రాన్సులో వెర్సాయ్ రాజభవనం వెనక, పదిహేడో శతాబ్దంలో ల నోత్ర్ అనే ఉద్యానశిల్పి పచ్చ తివాచీ అని పేరుపెట్టి పొడవాటి గడ్డిపట్టీ ఒకటి వేశాడు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో కేపబిలిటీ బ్రౌన్ (అసలు పేరు లాన్సెలాట్, 'ఈ ఎస్టేటుకి మంచి కేపబిలిటీ ఉంది' అని ప్రతి జమీందారుతోనూ అనేవాడట, అదే పేరుగా స్థిరపడింది) మడులూ పూలమొక్కలూ పీకించేసి, భవనం గుమ్మం దగ్గర్నుంచి కనుచూపు మేర గడ్డి పరిపించాడు. దూరంగా గొర్రెలు మేస్తూ కనబడాలి, కానీ గుమ్మం దాకా రాకూడదు. దానికోసం మధ్యలో కంటికి కనబడని కందకం తవ్వేవాళ్ళు. దాని పేరు హా-హా. నిజంగా అదే పేరు.

ఇంటికి దగ్గరగా ఉన్న గడ్డిని మాత్రం మనుషులే కొయ్యాలి. పొడవాటి కర్రకి బిగించిన పెద్ద కొడవలి పట్టుకుని, తెల్లవారుజామున మంచు తడి ఆరకముందే మొదలుపెట్టేవాళ్ళు, తడిగడ్డి అయితే కత్తికి బాగా తెగుతుందని. వెనకాల ఆడవాళ్ళు కోసిన గడ్డి పోగుచేసేవాళ్ళు. వరి పండే భూమి ఉండి అందులో వరి వెయ్యకపోవడం, పైగా పదిమంది కూలీలని పెట్టి ఆ ఖాళీని ఖాళీగా ఉంచడం... గొప్పతనం అదే. 'నాకు ఈ నేల మీద తిండి పండించాల్సిన అవసరం లేదు' అని ఊరందరికీ చాటడం. నాన్న అడిగిన ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. ఏదీ మెయ్యకపోవడమే దాని ప్రయోజనం.

ఇప్పుడు మనవాడి కథ. ఇంజనీరు కాబట్టి మనవాడే అంటున్నాను. ఎడ్విన్ బడ్డింగ్ అని, ఇంగ్లండులో గ్లోస్టర్‌షైర్ జిల్లా స్ట్రౌడ్ దగ్గరుండేవాడు. ఆ ప్రాంతమంతా ఉన్ని మిల్లులు. నేసిన ఉన్నిబట్ట మీద నూగు లేస్తుంది, దాన్ని సమానంగా కత్తిరించడానికి ఒక యంత్రం ఉండేది. గుండ్రంగా తిరిగే సిలిండరు మీద మెలితిప్పిన కత్తులు, కింద కదలకుండా ఒక కత్తి, మధ్యలో దొరికిన నూగు తెగిపోతుంది. బడ్డింగ్ దాన్ని చూసి, ఇదే పని నేలమీది నూగుకి ఎందుకు చెయ్యకూడదు అనుకున్నాడు. 1830 ఆగస్టు 31న పేటెంటు వచ్చింది. తయారుచేసిన యంత్రాన్ని పగలు బయటికి తీస్తే ఇరుగుపొరుగు పిచ్చివాడనుకుంటారని రాత్రిపూట పరీక్షించేవాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ, రాత్రిపూట టెస్టింగ్ అనగానే నాకు చాలా ఆత్మీయుడిగా అనిపించాడు.

ఆ పేటెంటులో ఒక మాట ఉంది, గ్రామాల్లో ఉండే పెద్దమనుషులు ఈ యంత్రాన్ని తామే తోసుకుంటే సరదాగానూ, ఒంటికి మంచి వ్యాయామంగానూ ఉంటుందని. కూలివాడు చేసేది వ్యాయామం ఎలా అయిందో చూడండి. చేతిలో కొడవలి పోయి యంత్రం వచ్చేసరికి అదే పని పెద్దమనిషి చెయ్యదగ్గదైపోయింది. 1832లో ఇప్స్విచ్‌లోని రాన్సమ్స్ కంపెనీ లైసెన్సు తీసుకుని తయారీ మొదలుపెట్టింది. తర్వాత పెద్ద యంత్రాలని గుర్రాలు లాగేవి, వాటి గిట్టలు పచ్చికలో దిగబడకుండా తోలు బూట్లు తొడిగేవాళ్ళు. బడ్డింగ్ 1846లో చనిపోయాడు. తిప్పి సరిచేసుకునే స్క్రూ స్పానరొకటి కూడా ఆయన పేరు మీదే ఉంది. డబ్బు మాత్రం పెద్దగా చూసినట్టు లేడు.

అన్నట్టు మన క్రికెట్‌కి కూడా దీనితో చుట్టరికం ఉంది. లార్డ్స్ మైదానంలో మొదట్లో గడ్డి కోసేది గొర్రెలే. మ్యాచ్ ముందు మంద తోలేవాళ్ళు. వింబుల్డన్ టెన్నిస్ సంగతి ఇంకా బాగుంటుంది. ఆ క్లబ్బులో పోనీ లాగే రోలరు పాడైపోతే, దాన్ని బాగుచేయించడానికి డబ్బు కావాల్సి 1877లో మొదటి పోటీ పెట్టారు. అంటే ప్రపంచంలో అంత పేరున్న పోటీ పుట్టింది గడ్డి నేల చదును చేసే సామాను రిపేరు ఖర్చు కోసం!

సరే, అమెరికాకి వద్దాం. ఇక్కడి చలిప్రదేశాల్లో లాన్ అంటే ముఖ్యంగా కెంటకీ బ్లూగ్రాస్. పేరు కెంటకీ అయినా ఆ గడ్డి ఆ రాష్ట్రానిది కాదు, యూరప్ నుంచి వలస వచ్చినవాళ్ళతో పాటు వచ్చింది. అందరూ పీకి పారేసే డాండెలయన్ (పసుపుపచ్చ పువ్వు, తర్వాత దూదిపింజె అయ్యి ఎగిరిపోతుందే, అదే) కూడా యూరప్‌దే. రెండూ ఓడల్లో వచ్చినవే, ఒకటి పౌరసత్వం సంపాదించుకుంది, రెండోదానికి ఇంకా నోటీసులు వస్తూనే ఉన్నాయి. మనం వినాయకుడికి పెట్టే గరికని కూడా ఇక్కడ లాన్లలో వేస్తారు, బెర్ముడా గ్రాస్ అని పేరు. టెక్సాస్, జార్జియాల్లో ఉన్న మనవాళ్ళలో చాలామంది వినాయకచవితికి గరిక దొరకలేదని ఇండియన్ స్టోర్లలో వెతుకుతుంటారు, కాళ్ళ కిందే ఉంటుంది. మిన్నెసోటా చలికి మాత్రం అది బతకదు.

ఇళ్ళ ముందు కంచెల్లేని పచ్చిక అనే ఊహ పందొమ్మిదో శతాబ్దం చివర్లో గట్టిపడింది. షికాగో పక్కన రివర్‌సైడ్ అనే ఊరిని 1869 ప్రాంతంలో ఓమ్‌స్టెడ్, వాక్స్ అనే ఇద్దరు రూపొందించారు (న్యూయార్కు సెంట్రల్ పార్కు కూడా వీళ్ళదే). ప్రతి ఇల్లూ రోడ్డుకి 30 అడుగులు వెనక్కి ఉండాలి, ముందు ప్రహరీ ఉండకూడదు అన్నారు. 1870లో ఫ్రాంక్ స్కాట్ అనే ఆయన ఊరి చివరి ఇళ్ళ తోటల గురించి ఒక పుస్తకం రాసి, ఇంటిముందు పచ్చదనాన్ని కంచె వెనక దాచుకోవడం క్రైస్తవులు చెయ్యదగ్గ పని కాదన్నాడు. అప్పటిదాకా నా ఇంటి ముందు గడ్డి నాది. ఇక్కడి నుంచి అది వీధిది. నువ్వు కొయ్యకపోతే పాడయ్యేది నీ వాకిలి కాదు, వీధంతా కలిసి పరుచుకున్న దుప్పటికి నువ్వు పెట్టిన చిరుగు. మా తలుపు మీద కాగితానికి మూలం ఈ ఊహే అని నాకనిపించింది.

మధ్యలో గోల్ఫ్ వాళ్ళూ, వ్యవసాయశాఖ వాళ్ళూ కలిసి ఏ గడ్డి ఎక్కడ బాగా పెరుగుతుందో ప్రయోగాలు చేశారు. ఒహాయోలో రైతులకి విత్తనాలమ్ముకునే స్కాట్స్ కంపెనీ 1928లో ప్రత్యేకంగా లాన్ కోసమే ఒక ఎరువు తెచ్చింది. అయినా యుద్ధం ముందు దాకా ఇది అందరి వ్యవహారం కాదు.

అందరిదీ అయింది 1947లో. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలండ్‌లో లెవిట్ కంపెనీ ఒకే అచ్చులో పోసినట్టు 17 వేలకు పైగా ఇళ్ళు కట్టింది. దాని పేరు లెవిట్‌టౌన్. మనిషి సామాను దించుకునేటప్పటికే ఇంటి ముందు పచ్చిక సిద్ధం. దాంతోపాటు నిబంధనలూ సిద్ధం: వారానికోసారి గడ్డి కొయ్యాలి, కంచె వెయ్యకూడదు, శని ఆదివారాల్లో బట్టలు బయట ఆరెయ్యకూడదు. అదే కాగితాల్లో ఇంకో నిబంధన కూడా ఉండేది. ఈ ఇంట్లో కాకేషియన్ జాతివాళ్ళు తప్ప వేరెవరూ ఉండకూడదు అని.

ఇది చదివాక కాసేపు లేచి తిరిగాను. గడ్డి చరిత్ర చదువుతూ ఇక్కడికొస్తాననుకోలేదు. కాకేషియన్ అంటే ఎవరు అన్న ప్రశ్న మనవాళ్ళే ఒకరు కోర్టులో వేశారు కూడా. భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. నేనూ ఆర్యుణ్ణే, పై కులంవాణ్ణే, కాబట్టి తెల్లవాణ్ణే అని వాదన. శాస్త్రవేత్తలు ఏమన్నా సరే, మామూలు మనిషి దృష్టిలో నువ్వు తెల్లవాడివి కావు అని 1923లో కోర్టు కొట్టేసింది. ఆ కేసులో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది తీర్పు కాదు, వాదన. ఇంకొకళ్ళని బయట ఉంచే గీతకి తను ఇవతల ఉన్నానని నిరూపించుకోవడానికి కులాన్ని సాక్ష్యం తెచ్చుకున్నాడు. మా ఊళ్ళో ఎవరి ఇళ్ళు ఏ వైపుంటాయో ఏ దస్తావేజులోనూ రాయలేదు. రాయకుండానే అందరికీ తెలుసు. ఆ వీధిలో పెరిగి ఇక్కడికొచ్చి లెవిట్ మీద కోపగించుకోవడం అంత సులువుగా కుదరలేదు నాకు.

పెన్సిల్వేనియాలో కట్టిన రెండో లెవిట్‌టౌన్‌లోకి 1957 ఆగస్టులో విలియం మయర్స్, డెయిజీ మయర్స్ అనే నల్లజాతి దంపతులు పిల్లలతో దిగారు. గుంపులు చేరాయి, రాళ్ళు పడ్డాయి, కిటికీ అద్దాలు పగిలాయి, చివరికి రాష్ట్ర పోలీసులు రావాల్సొచ్చింది. గుంపు నిలబడింది ఆ చక్కటి పచ్చికల మీదే మరి. మయర్స్ కుటుంబం వెళ్ళిపోలేదు.

మా మినియాపోలిస్ కథ ఇంకా పాతది. ఇక్కడ దస్తావేజుల్లో అలాంటి జాతి నిబంధన 1910 నుంచే కనబడుతుంది. చైనావాళ్ళు, జపానువాళ్ళు, టర్కీవాళ్ళు, ఆఫ్రికా సంతతివాళ్ళు అంటూ పెద్ద జాబితా రాసేవాళ్ళు. వీటిని కోర్టులు అమలుపరచకూడదని సుప్రీంకోర్టు 1948లో చెప్పింది, 1968 చట్టంతో ఇళ్ళ విషయంలో ఈ వివక్షే నేరమైంది. కానీ కాగితాల మీద అక్షరాలు అలాగే ఉండిపోయాయి. యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటాలో మ్యాపింగ్ ప్రెజుడిస్ అనే ప్రాజెక్టు 2016 నుంచి ఆ పాత దస్తావేజుల్ని స్కాన్ చేసి, వేలమంది వాలంటీర్లతో చదివించి, మ్యాపు మీద పెట్టింది. నేనుండే వీధి వెతికాను. మాది లేదు. నాలుగు వీధుల అవతల, రోజూ సాయంత్రం నడకకి వెళ్ళే చోట, నీలం చుక్కలు వరసగా ఉన్నాయి. ఊళ్ళోకెల్లా అందమైన పచ్చికలు ఆ వీధివే.

గడ్డి దగ్గరికే మళ్ళీ వస్తాను. లెవిట్ ఇళ్ళు కట్టే నాటికే ఇంకో సంగతి జరిగింది. యుద్ధకాలపు పరిశోధనల్లో బయటపడిన 2,4-డి అనే కలుపుమందు 1945లో మార్కెట్లోకి వచ్చింది. దీని ప్రత్యేకత ఏమిటంటే గడ్డిని వదిలేసి వెడల్పాకుల మొక్కల్ని మాత్రమే చంపుతుంది. డాండెలయన్ పోయింది, బ్రహ్మాండం. కానీ వెడల్పాకు మొక్కల్లో తెల్ల క్లోవర్ కూడా ఉంది. క్లోవర్ మన పిల్లిపెసర, జీలుగల కుటుంబమే. గాలిలో నత్రజనిని పట్టి వేళ్ళ బుడిపెల్లో దాస్తుంది, పక్కనున్న గడ్డికి ఉచితంగా ఎరువు. అందుకే అంతకుముందు మంచి లాన్ విత్తనాల సంచీలో క్లోవర్ గింజలు కావాలనే కలిపేవాళ్ళు. మందు క్లోవర్‌ని కూడా చంపేసరికి, మందుని మార్చలేదు, క్లోవర్‌నే కలుపు మొక్కల జాబితాలోకి మార్చారు! మనం ఫీచర్ని బగ్గుగా మూసేసినట్టు. క్లోవర్ పోయాక నత్రజని ఎవరిస్తారు? సంచీ కొనుక్కోవాలి. ఒకే కొట్లో పక్కపక్క అరల్లో రెండూ అమ్ముతారు.

ఎరువు వర్షానికి కొట్టుకుపోయి చెరువుల్లో చేరుతుంది. పదివేల సరస్సుల రాష్ట్రం అని బండి నంబరు ప్లేట్ల మీద రాసుకున్న మిన్నెసోటాలో అది చిన్న విషయం కాదు. భాస్వరం ఎక్కువై నీళ్ళు పాచి పట్టిపోతుంటే 2002లో చట్టం చేశారు, 2005 నుంచి రాష్ట్రమంతటా లాన్ ఎరువుల్లో భాస్వరం వాడకూడదు, కొత్తగా గడ్డి నాటేటప్పుడూ, మట్టి పరీక్షలో తక్కువుందని తేలినప్పుడూ తప్ప. అమెరికాలో మొట్టమొదట ఇలా చేసిన రాష్ట్రం ఇదే. కెనడాలో హడ్సన్ అనే చిన్న ఊరైతే 1991లోనే అందం కోసం పురుగుమందులూ కలుపుమందులూ చల్లడం నిషేధించింది. ఆ ఊరి చర్మవైద్యురాలు ఒకావిడ ఏళ్ళ తరబడి టౌను మీటింగులకి వెళ్ళి పోరుపెట్టిన ఫలితం అది. మందు చల్లే కంపెనీలు కోర్టుకెళ్ళాయి. 2001లో కెనడా సుప్రీంకోర్టు ఊరి పక్షానే తీర్పిచ్చింది. తర్వాత 2009లో ఒంటారియో రాష్ట్రమంతా అదే దారి పట్టింది.

ఇంత చదివాక నా పచ్చిక మీద నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే ఈలోపు నోటీసు గడువు దగ్గరపడింది, నేను కోసేశాను, అదీ చాలా దరిద్రంగా కోశాను. పక్కింటాయన దగ్గర మిషను అడిగి తెచ్చి, మళ్ళీ మళ్ళీ ఎవడు కోస్తాడులే అని బ్లేడు బాగా కిందికి దించి ఒకే విడతలో ఎనిమిది అంగుళాల గడ్డిని అంగుళానికి తెచ్చాను. నాన్న చూసి "కాలవ గట్టు చెక్కినట్టు చెక్కావు కదరా" అన్నారు. జూన్ చివరికి సగం నేల గోధుమరంగుకి తిరిగింది, మిగతా సగంలో క్రాబ్‌గ్రాస్ అల్లుకుంది.

తప్పెక్కడో పక్కింటాయనే చెప్పాడు. రిటైరైన పెద్దాయన, నలభై ఏళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాడు. ఒక కోతలో మూడోవంతుకి మించి తియ్యకూడదు. ఆకే కదా వేరుకి వండిపెట్టేది, ఆకంతా లాగేస్తే వేరు చిక్కిపోతుంది. మూడంగుళాల ఎత్తుంటే కింద నేలకి నీడ పడుతుంది, క్రాబ్‌గ్రాస్ గింజకి ఎండ తగలక మొలవదు. నాన్న పక్కనే నిలబడి నేను అనువాదం చేస్తుంటే వింటున్నారు. "వరి నారుమడిలో నీళ్ళు నిలబెట్టేదీ అందుకే, కలుపు మొలవకుండా. అదే లెక్క" అన్నారు. నేను తిరిగి ఇంగ్లీషులో చెప్పాను. పెద్దాయన నవ్వి నాన్నతో చెయ్యి కలిపాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ నా అవసరం లేకుండానే, చేతులతో సైగలు చేసుకుంటూ, ఓ అరగంట నేలలో ఏవో చూసుకున్నారు. ఫిర్యాదు చేసింది ఈయనే అయ్యుంటాడని అంతకుముందు నాకో అనుమానం ఉండేది. ఇప్పటికీ తెలీదు, అడగలేదు.

నాన్న వెళ్ళిపోయాక మిన్నెసోటా చట్టాలు కూడా తిరగేశాను. 2023 నుంచి రాష్ట్రంలోని ఊళ్ళు, పద్ధతిగా చూసుకునే స్థానిక మొక్కల తోటని ఎనిమిది అంగుళాలు దాటినా అనుమతించి తీరాలి. వదిలేసిన గడ్డికి మాత్రం ఆ మినహాయింపు లేదు. నాది వదిలేసిన గడ్డే, దబాయించడానికి లేదు. దానికంటే ముందే, 2019లో, లాన్లో కొంత తీసేసి తేనెటీగలకి పనికొచ్చే మొక్కలు వేసుకుంటే సాయం చేసే పథకం కూడా పెట్టారు. అందులో క్లోవర్ కలిపిన పచ్చికకీ చోటుంది. 1945లో బగ్గని మూసేసినదాన్ని మళ్ళీ తెరిచారన్నమాట.

ఈ ఏడాది మార్చిలో ఇంటి ఓనరుకి మెయిలు పెట్టి అనుమతి తీసుకున్నాను. మంచు కరుగుతూ రాత్రి గడ్డకడుతూ పగలు వదులవుతూ ఉండే రోజుల్లో నేల సన్నగా బీటలిస్తుంది, ఆ బీటల్లోకి గింజ దానంతటదే దిగుతుంది, తవ్వే పని లేదు. తెల్ల క్లోవర్ గింజలు ఇసకలో కలిపి, నాన్న వడ్లు వెదజల్లే పద్ధతిలోనే పిడికిలితో చల్లాను. ఏప్రిల్లో మంచు పూర్తిగా పోయాక గడ్డి మీద బూజుపట్టినట్టు తెల్లటి వలయాలు కనబడ్డాయి. స్నో మోల్డ్ అంటారట, రేకుతో పైపైన దువ్వితే గాలి తగిలి అదే పోతుంది. నేల బురదగా ఉన్నన్నాళ్ళూ దాని మీద నడవలేదు. ఎరువు ఇప్పుడే వెయ్యొద్దు, మే చివర చూద్దువుగానీ అన్నాడు పెద్దాయన.

నాన్న నిన్న ఫోన్లో "ఏరా, ఈ ఏడు కూడా కాయితం అంటించారా?" అని అడిగారు. ఇంకా లేదు నాన్నా అన్నాను. గడ్డి నాలుగంగుళాలకి వచ్చింది. క్లోవర్ ఇంకా రెండాకుల మీదే ఉంది, దానికి బ్లేడు తగలదు. శనివారం వాన లేకపోతే మొదటి కోత. బ్లేడు పదును పెట్టించడానికి పెద్దాయన తనదీ నాదీ కలిపి హార్డ్‌వేర్ షాపుకి తీసుకెళ్ళాడు, శుక్రవారం సాయంత్రం తెచ్చుకోవాలి.